చిన్న వ్యాపారానికి వెబ్‌సైటు: ముందుగా ఆలోచించవలసినవి

(ఎన్నూరు తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



చిన్న వ్యాపారస్థులకు వెబ్‌సైటు ఎట్లా ఉండవలెనో చెప్పవలసిందని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. ఈ మాట విన్న తరువాత నేను చేసిన మొదటి పని, మన సంఘం పాత ఉగాది సంచికలు తెరచి వెనుక పేజీలలోని ప్రకటనలు చదవడం. పది ప్రకటనలు తీసికొంటే ఏడెనిమిదింటిలో "ఉగాది శుభాకాంక్షలతో" అని పెద్ద అక్షరాలు. దాని క్రింద ఏదో ఒక దేవుని పేరు, ఆ పేరు ప్రక్కన ఎంటర్‌ప్రైజెస్. ఆ క్రింద ఒక ఫోను నెంబరు. ఆ ఎంటర్‌ప్రైజెస్‌వారు బోల్టులు చేస్తారో, బియ్యం అమ్ముతారో మాత్రం ఎక్కడా లేదు.

ఇది తప్పని నేననను. సంచికకు ప్రకటన ఇవ్వడమంటే సంఘానికి చందా ఇవ్వడమే. పైగా ఇక్కడ కూర్చున్నవారికి ఒకరి సంగతి ఒకరికి తెలుసును. చిక్కెక్కడ వచ్చిందంటే, మనవారు వెబ్‌సైటు పెట్టినప్పుడు కూడా ఈ ప్రకటననే రంగులద్ది పెద్దది చేసి పెడుతున్నారు. వెబ్‌సైటు తెరచి చూసేవాడు మన సభ్యుడు కాడు. మనమెవరమో అతనికి తెలియదు. మన మొగం చూడలేదు. మన మాట వినలేదు. అతనికి కావలసినది శుభాకాంక్షలు కాదు, తన పని మనవల్ల అవుతుందా కాదా అన్న ఒక్క జవాబు. ఆ జవాబు దొరకకపోతే ఒక్క వ్రేలితో మనలను మూసివేసి ఇంకొకరి దగ్గరకు వెళ్ళిపోతాడు.

ఎన్నూరులో ఈ సంగతి ఎందుకింత గట్టిగా చెప్పవలసి వస్తున్నదో మనవి చేస్తాను. ఇక్కడ మన వ్యాపారాలు చాలావరకు ఏదో ఒక గేటును నమ్ముకొని పుట్టినవి. 1948లో అశోక్ మోటార్సు వెలసింది. 1955లో అది అశోక్ లేలండ్ అయింది. దాని వెనుక ఎన్నో చిన్న చిన్న వర్కుషాపులు, భోజన హోటళ్ళు వచ్చినవి. 1970లో థర్మల్ విద్యుత్కేంద్రం పని మొదలుపెట్టింది. 2001లో రేవు తెరిచారు. ఒక్క గేటు, ఒక్క పర్చేజి ఆఫీసరు, నెలకొక బిల్లు. తండ్రి నడిపినట్లే కొడుకూ నడిపాడు. కాని ఆ థర్మల్ కేంద్రం 2017 మార్చి నెలాఖరుతో మూతపడింది. గేటు మూసిన తరువాత దాని యెదుట కొట్టు పెట్టుకొన్నవాని గతి చెప్పనక్కరలేదు. రెండవ గేటు ఎక్కడున్నదో వెదుక్కోవలసిన అవసరం ఇప్పుడు మనలో చాలామందికి ఉన్నది. వెబ్‌సైటు ఆ రెండవ గేటుకు దారి కాగలదు. సరిగా ఆలోచించి పెట్టినప్పుడే సుమా!

ఆలోచన అంటే మరేమీ కాదు. ఎవరు వస్తారు, ఏమి అడుగుతారు, ఏమి చేసి వెళ్ళవలెను? ఈ మూడూ తేల్చుకోకుండానే మనవారు నేరుగా వెబ్‌సైటు చేసేవారి దగ్గరకు పోయి "ఎంతవుతుంది?" అని అడుగుతారు. ఇల్లు కట్టేవాడు గదులెన్నో చెప్పకుండా మేస్త్రీని రేటడిగినట్లుంటుంది. ఆయన మాత్రం ఏం చేస్తాడు? తన దగ్గర సిద్ధంగా ఉన్న నమూనా ఒకటి తీసి, మీ పేరు అందులో ఇరికించి ఇస్తాడు. అందుకే అన్ని వర్కుషాపుల వెబ్‌సైట్లూ ఒక్కలాగే కనిపిస్తవి. ఒక ప్రపంచ పటం, చేతులు కలుపుకొంటున్న ఇద్దరు దొరల బొమ్మ, "నాణ్యతే మా ఊపిరి" అన్న వాక్యం. ఆ దొరలు ఎవరో యజమానికీ తెలియదు.

మన పెద్దలకు ఈ విద్య కొత్తది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన రోజులలో సంగీత సభలలో దానిని ఉచితంగా పంచిపెట్టారని ప్రసిద్ధి. కొనేవాడు ఎక్కడ ఉంటాడో, ఏ సమయంలో అతనికి అది కావలసి వస్తుందో ఆయన ముందే లెక్కకట్టారు. ఆ కాలపు పత్రికలలో మందుల ప్రకటనలు చూడండి: ఏ జబ్బుకు, సీసా వెల ఎంత, తపాలా ఖర్చు ఎవరిది, వి.పి.పి.కి ఏ చిరునామాకు వ్రాయవలెను, అన్నీ అరచేయంత చోటులో ఉంటవి. వ్రాసినవారు అలంకారాలకు పోలేదు, అక్షరానికి డబ్బు కట్టవలసి వచ్చేది కాబట్టి. వెబ్‌సైటులో అక్షరం ఉచితం అయ్యేసరికి మనకు ఆ పొదుపు పోయింది.

నా సలహా ఒకటున్నది. దీనికి కాణీ ఖర్చు లేదు. ఫోను ప్రక్కన ఒక నోటు పుస్తకం పెట్టండి. పదిహేను రోజులపాటు ఎవరు ఫోను చేసినా, ఎవరు కొట్లోకి వచ్చినా, వారు అడిగిన మొదటి ప్రశ్న వారి మాటలలోనే వ్రాయండి. "ఆదివారం తెరిచి ఉంటారా?" "ఒక్క పీసు చేస్తారా?" "తిరువొత్తియూరు దాకా తెచ్చి ఇస్తారా?" పదిహేను రోజులకు ఏ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఎక్కువసార్లు వచ్చినవి మొదటి పేజీలో, తక్కువసార్లు వచ్చినవి లోపలి పేజీలలో. అదే మీ వెబ్‌సైటు నక్షా. ఆ పుస్తకం చేతిలో పెట్టుకొని చేసేవారి దగ్గరకు పోతే ఆయన మీకు దొరల బొమ్మ అమ్మలేడు.

లేతు వర్కుషాపునే ఉదాహరణగా తీసికొందాం. మనలో ఆ పనివారు ఎక్కువ. మన ఉత్తరాన తడ దగ్గర శ్రీసిటీలో ఫ్యాక్టరీలున్నవి. అక్కడొక పర్చేజి ఆఫీసరుకు ఒక షాఫ్టు విరిగి, అర్జెంటుగా చేయించవలసి వచ్చిందనుకొందాం. అతడు ఫోనులో వెదుకుతాడు. అతనికి కావలసినదేమిటి? మీ లేతు ఎంత వ్యాసం గల ముక్కను తిప్పగలదు, బెడ్డు పొడవు ఎన్ని అడుగులు? మైల్డు స్టీలేనా, స్టెయిన్‌లెస్సు, గన్‌మెటల్ కూడా చేస్తారా? డ్రాయింగు కావలెనా, విరిగిన ముక్క పంపితే చాలునా? ఒక్కటి చేస్తారా, వంద ఉంటేనే ముట్టుకొంటారా? ఎన్ని రోజులు? జి.ఎస్.టి. బిల్లు ఇస్తారా? వీటికి జవాబులు మీరు నిద్రలో లేపినా చెప్పగలరు. అంత తెలిసినవారి వెబ్‌సైటులో ఈ ఒక్క ముక్కా లేకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. నాలుగు అంకెలు వేసి, మీ లేతు దగ్గర మీరే నిలబడి తీయించుకొన్న ఫోటో పెడితే, ప్రపంచ పటం కంటె వేయి రెట్లు నమ్మకం కలుగుతుంది. నూనె మరకలున్నా ఫరవాలేదు. వర్కుషాపులో నూనె లేకపోతేనే అనుమానించవలెను. ఆ పేజీ చివర ఒక్కటే పని చేయమని అడగండి: "డ్రాయింగు గాని ఫోటో గాని ఈ నెంబరుకు పంపండి, ఫలానా సమయంలోగా రేటు చెబుతాము" అని. చెప్పిన సమయానికి చెప్పవలెను, అది వేరే సంగతి.

ఎండు చేపలు అమ్మేవారి ప్రశ్నలు వేరు. నెత్తళ్ళు ఎక్కడివి, ఎప్పుడు ఎండబెట్టినవి, ఇసుక ఉంటుందా, ఉప్పు ఎంత? 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదతోబాటు చమురు మన ఉప్పుటేటిలోకి వచ్చిపడిన తరువాత, ఎన్నూరు చేప అంటే "ఎక్కడ పట్టినది?" అని అడగడం కొనేవారి హక్కు అయింది. ఆ ప్రశ్న రాదన్నట్లు నటించేకంటె, సరుకు ఏ రేవునుంచి వచ్చిందో ప్రతి రకం క్రిందా వ్రాసి పెట్టడం మేలని నా అభిప్రాయం. అడగకముందే చెప్పినవాని మాటకు విలువ ఎక్కువ.

వెలలు పెట్టవలెనా వద్దా అని మనలో తర్జనభర్జన జరుగుతూనే ఉంటుంది. "ఎదుటి కొట్టువాడు చూస్తాడు" అంటారు. ఎదుటి కొట్టువాడికి మీ వెలలు ఇప్పుడే తెలుసును, తెలియనివాడు కొనేవాడొక్కడే. పచ్చడి సీసాకు, ఇడ్లీ పిండికి, చీర ఫాలు కుట్టడానికి వెల వేయవలసిందే. జాబ్ వర్కుకు ఖచ్చితమైన వెల వేయలేము, నిజమే; కనీసం ఎంతనుంచి మొదలవుతుందో, ఏ కారణాలచేత పెరుగుతుందో వ్రాయవచ్చును.

ఇక భాష. ఇది ఎన్నూరులో పెద్ద ప్రశ్నే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. ఏ భాషలో పెట్టవలెనని అడిగితే, డబ్బు ఇచ్చేవాడు ఏ భాషలో అడుగుతాడో ఆ భాషలో అంటాను. మన వీధిలో ఏ.సి. బాగుచేసేవారికి తమిళం లేకపోతే జరగదు. లేతువారికి ఇంగ్లీషు చాలును. ఆవకాయ అమ్మేవారు మాత్రం తెలుగు తప్పక పెట్టవలెను. ఎందుకంటే ఆవకాయ కోసం వెదికే తెలుగువాడు బెంగుళూరులో ఉండవచ్చు, డల్లాసులో ఉండవచ్చు, ఆ అక్షరాలు కనిపించగానే సగం బేరం అయిపోతుంది. తెలుగు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. తెలుగు లిపికి 1991 నుంచి యూనికోడులో స్థానమున్నది, దానిలోనే వ్రాయించండి. అందంగా ఉన్నదని అక్షరాలను బొమ్మగా చేసి అతికిస్తే వెదికేవారికి అది చిక్కదు, చూపు ఆననివారికి ఫోను చదివి వినిపించనూ లేదు. మన ఊరి పేరును ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా వ్రాస్తారు గనుక, ఊరి పేరుతోబాటు కత్తివాక్కం, ఎర్ణావూరు వంటి చుట్టుప్రక్కల పేర్లూ, 600057 అనే పిన్‌కోడూ అక్షరాలలో ఉంచండి. బోర్డు మీద, బిల్లు మీద, పటంలో, వెబ్‌సైటులో మీ కొట్టు పేరు ఒక్క విధంగానే ఉండవలెను.

ఇంతవరకు చెప్పినది ఎట్లా ఉండవలెనో. అది ఎవరిదై ఉండవలెనన్నదే ఈనాడు నేను ముఖ్యంగా చెప్పదలచినది.

"మాకు వాట్సాప్ ఉన్నది, ఫేస్‌బుక్కు ఉన్నది, ఇన్‌స్టాగ్రాము మా అమ్మాయి చూసుకొంటుంది. వెబ్‌సైటు ఎందుకు?" అని అడిగేవారున్నారు. అవి ఉండవలసిందే. జనం అక్కడ తిరుగుతున్నారు, మనమూ తిరగవలెను. కాని అవి పరుల స్థలంలో వేసుకొన్న బండ్లు. స్థలంవాడు ఎప్పుడు లెమ్మంటే అప్పుడు లేవవలెను. 2009లో జియోసిటీస్ మూసివేశారు. 2019లో గూగుల్ ప్లస్ మూసివేశారు. 2020 జూన్‌లో మన దేశంలో టిక్‌టాక్ నిషేధమైంది. దానిమీదనే వంటలూ, బట్టలూ చూపించి బేరాలు చేసుకొన్నవారు తెల్లవారేసరికి కొట్టు లేనివారయ్యారు. ఇంతకంటె మనకు దగ్గరి సంగతి మరొకటున్నది. పటంలో తమ కొట్టు నమోదు చేసికొన్న చిన్న వ్యాపారస్థులకు గూగుల్‌వారు ఉచితంగా ఒక చిన్న వెబ్‌సైటు కూడా ఇచ్చేవారు. 2024 మార్చిలో ఆ వెబ్‌సైట్లన్నీ ఆపివేశారు. వారిని తప్పుపట్టడానికి లేదు. ముందుగా చెప్పారు, డబ్బు కూడా తీసికోలేదు. కాని ఆ చిరునామాను బిల్లు పుస్తకాలమీద అచ్చువేయించుకొన్నవారి మాటేమిటి?

అందుచేత సొంత పేరు కావలెను. దానినే డొమైను అంటారు. ఇది కొన్నదనుకొంటాము గాని నిజానికి ఏడాదుల లెక్కన పట్టా రాయించుకోవడం వంటిది. ఒక్కసారికి ఎక్కువలో ఎక్కువ పదేండ్ల వరకు కట్టవచ్చు. గడువు దాటనిస్తే పేరు చేయిజారిపోవచ్చు. చివర .ఇన్ అన్నది మన దేశానిది. తెలుగు లిపిలోనే .భారత్ అని కూడా ఉన్నది. సరదాపడేవారు తీసికోవచ్చు గాని ఫోనులో తమిళ మిత్రునికి చెప్పడం కష్టం. పేరు పొట్టిగా ఉండవలెను, ఒక్కసారి వింటే వ్రాసుకోగలిగేటట్లు ఉండవలెను.

ఈ పట్టా ఎవరి పేర ఉన్నది? మా బంధువులలో ఒకావిడ పచ్చళ్ళ వ్యాపారం పెట్టి, ఒకరిచేత వెబ్‌సైటు చేయించుకొన్నది. బాగానే నడిచింది. మూడవ ఏట ఆ చేసినవారు అడిగిన రుసుము మూడింతలైంది. "వద్దు, వేరేవారి దగ్గరకు వెళతాను" అంటే, "వెళ్ళండి, పేరు మాత్రం మాది" అన్నారు. చూస్తే నిజమే, డొమైను వారి పేర, వారి ఈమెయిలుతో, వారి ఫోను నెంబరుతో రాయించుకొన్నారు. సీసాల లేబిళ్ళమీద ఉన్న చిరునామా ఆమెది కాదన్నమాట. అడిగినంతా ఇచ్చింది. కోర్టుకు పోయే ఓపిక ఎవరికున్నది? ఇంటి దస్తావేజు మేస్త్రీ పేర రాయించేవారు లేరు గదా! డొమైను మీ పేర, మీ ఈమెయిలుతో, మీ నెంబరుతో మీరే తీసికోండి. ఓ.టి.పి. మీ ఫోనుకు రావలెను. దుకాణంలో పనిచేసే కుర్రవాని ఫోనుకు కాదు. అతడు రేపు దుబాయి వెళ్ళవచ్చు. పాస్‌వర్డులు ఇంట్లో ఇంకొకరికి తెలిసేచోట వ్రాసి బీరువాలో పెట్టండి. చేసేవారితో ముందే కాగితంమీద వ్రాయించుకోండి: పని ముగిసిన తరువాత బొమ్మలు, మాటలు, ఫైళ్ళు అన్నీ మాకు అప్పగిస్తారని. చేయడానికి ఎంత, ఏటేటా ఎంత, ఒక మాట మార్చవలసి వస్తే ఎంత, ఈ మూడూ వేరువేరుగా వ్రాయమనండి. మొదటిది తక్కువ చెప్పి మూడవదానిలో రాబట్టుకోవడం ఈ వృత్తిలో కొందరికి అలవాటు.

చట్టం సంగతి రెండు మాటలు. వెబ్‌సైటులోనే డబ్బు తీసికొని సరుకు పంపేవారికి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్సు నియమాలు వర్తిస్తవి. వ్యాపారం పూర్తి పేరు, చిరునామా, ఫిర్యాదు ఎవరికి చేయవలెనో, సరుకు తిప్పిపంపితే ఏమి చేస్తారో, అన్నీ కనబడేటట్లు పెట్టవలెను. తినే వస్తువులు అమ్మేవారు 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. నెంబరు చూపించండి. ఇది బరువని కొందరు విసుక్కొంటారు గాని, దొంగ వెబ్‌సైట్లు పెరిగిపోయిన ఈ రోజులలో ముక్కూ మొగం తెలియనివాడు డబ్బు పంపడానికి ధైర్యమిచ్చేవి ఈ అంకెలే. అట్లాగని ఆధారు కార్డు, పాన్ కార్డు ఫోటో తీసి పెట్టకండి. అటువంటివి చూశాను గనుకనే చెబుతున్నాను. కొనేవారి ఫోను నెంబర్లు, చిరునామాలు మీ దగ్గర చేరతవి. వాటిని పనికి మించి అడగవద్దు, ఇంకొకరికి ఇవ్వవద్దు. దానికీ 2023లో చట్టం వచ్చింది.

చూసేవారు చాలావరకు ఫోనులోనే చూస్తారు. కాబట్టి చేసేవారి ఆఫీసులో పెద్ద తెరమీద చూసి మురిసిపోవద్దు. ఇంట్లో ఉన్న అన్నిటికంటె పాత ఫోను తీసికొని, సముద్రపు ఒడ్డున సిగ్నలు సరిగా అందనిచోట తెరచి చూడండి. టీ చల్లారేలోపల తెరుచుకోకపోతే ఫోటోలు బరువైనవని అర్థం, తగ్గించమనండి. ఫోను నెంబరును వ్రేలితో తాకితే నేరుగా కాల్ పోతున్నదా? దారి చూపే పటం మీ గుమ్మం ముందుకే తెస్తున్నదా, రైలు పట్టాలకు అవతలి ప్రక్క దింపుతున్నదా? అక్షరాలు మా వయస్సువారికి కళ్ళద్దాలు లేకుండా ఆనుతున్నవా?

అందరికీ వెబ్‌సైటు కావలెనని నేననడం లేదు. టీ కొట్టుకు అక్కరలేదు. వీధిలోవారే వచ్చే టైలరుకు పటంలో పేరు, వేళలు, ఫోను సరిగా ఉంటే చాలును, అది ఉచితమే. తెరచిన తరువాత చూసుకోలేనివారు కూడా పెట్టకపోవడమే మంచిది. దీపావళి తగ్గింపు ధరలు ఉగాదికి కూడా వేలాడుతున్న వెబ్‌సైటు చూస్తే కొట్టు మూసేశారనుకొంటారు. నెలకొక్కసారి, అద్దె కట్టే రోజున అనుకోండి, అయిదు నిమిషాలు కూర్చొని వెలలూ, వేళలూ, సెలవులూ సరిచూస్తే చాలును. తుపాను రోజులలో "ఈ రోజు తెరవలేదు, ఎల్లుండి తెరుస్తాము" అన్న ఒక్క వాక్యం పెట్టగలిగితే, తడుస్తూ వచ్చి తిరిగిపోయే మనిషి ఒకడు తగ్గుతాడు. కొత్తగా వచ్చినవారిని "మా సంగతి ఎట్లా తెలిసింది?" అని అడిగి అదే నోటు పుస్తకంలో వ్రాసుకోండి. ఆరు నెలలకు వెబ్‌సైటు అన్నం పెడుతున్నదో లేదో ఆ పుస్తకమే చెబుతుంది. ఎంతమంది చూశారన్న అంకె చూసి సంతోషించేవారున్నారు. చూసినవారిలో ఎందరు ఫోను చేశారన్నదే నాకు లెక్క.

కార్యదర్శిగారితో ఒక ఏర్పాటు మాట్లాడాను. పదిహేను రోజులు ప్రశ్నలు వ్రాసుకొని వచ్చినవారితో వచ్చే నెల సమావేశానికి ముందు ఒక గంట కూర్చొంటాను. కంప్యూటరు అక్కరలేదు, తెల్లకాగితాలు, పెన్సిళ్ళు సంఘంవారు ఇస్తామన్నారు. ఎవరి పుస్తకం వారు తెచ్చుకోండి. సెలవు.